బోరు వద్దని చెప్పు

మార్చి 9

అమ్మేద్దామన్నారు.

కాఫీ కప్పు కింద పెట్టకుండానే అన్నారు మా ఆయన శ్రీరామచంద్రగారు. హైదరాబాదులో పాత మోటారు సైకిళ్లు కొనేవాడెవడో ఫోన్ చేశాడట. నాన్నగారి రాజ్‌దూత్ త్రీఫిఫ్టీ తుప్పు పట్టినా సరే, ఉన్నది ఉన్నట్టు పట్టుకుపోతాడట. ఆ డబ్బుతో కలిదిండి చెరువు గట్టున బోరు వేయించేయవచ్చట. ఏప్రిల్ మధ్యలో నీళ్లు ఆపేసి కాలువలు కట్టేస్తారు. ఈసారి ఎండలు ముందే మొదలయ్యాయి. బోరు లేకపోతే చెరువులో నీళ్లు చాలవు, నీళ్లు చాలకపోతే చేపలు దక్కవు. అన్నీ సరైన మాటలే. ఈ ఇంట్లో సరైన మాటలన్నీ ఎప్పుడూ ఆయనవే.

గుమస్తా ఉద్యోగం మానేసి నాలుగెకరాల చేపల చెరువు లీజుకు తీసుకున్నప్పుడు నన్ను అడిగారా? చెప్పారు. అడగడం వేరు, చెప్పడం వేరు. చేప ముక్క నోట పెట్టని ఇంట్లో పుట్టి శీలావతి, బొచ్చె పెంచుతున్నారని చుట్టాలంతా నవ్వుతుంటే, నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకుంటూ ఇల్లు నడిపాను. ఇప్పుడు నా తండ్రి బండి కూడా ఆ చెరువులోకే పోవాలి. నాన్నగారు పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

కుదరదన్నాను. నడవని బండిని ఉంచుకుని ఏం చేస్తావు ఉమా అన్నారు, జాలిగా. ఆ జాలికే నాకు ఒళ్లు మండింది. అమ్మాయి శ్రీహిత ముందే చెప్పేశాను. నేనే విప్పుతాను, నేనే బాగుచేస్తాను. ఏప్రిల్ నెలాఖరుకి ఇది స్టార్ట్ అయితే ఇంట్లో ఉంటుంది. కాకపోతే మీ ఇష్టమొచ్చినవాడికి ఇచ్చుకోండి అన్నాను.

నెలాఖరంటే కాలువలు కట్టేసిన తర్వాత అని ఆ నిమిషంలో నాకు తట్టలేదు. తట్టలేదనే రాస్తున్నాను.

మార్చి 10

మాట్లాడలేదు. ఆయనా మాట్లాడలేదు.

మార్చి 13

వెనక వసారాలో బండి మీది టార్పాలిన్ తీశాను. సీటులో ఎలుకలు కాపురం పెట్టాయి. ట్యాంకు లోపల తుప్పు గలగలమంటోంది.

నాన్నగారు, అంటే పురోహితులు అనంతరామయ్యగారు, తొంభై ఒకటిలో ఒక డాక్టరుగారి అబ్బాయి దగ్గర దీన్ని కొన్నారు. తెల్లవారుజామున కైకలూరులో పెళ్లి, పది గంటలకి తాడేపల్లిగూడెంలో గృహప్రవేశం, రెండూ ఒక్కరే చేయించేవారు. పంచె మోకాళ్ల పైకి బిగించి, పిలక టోపీలోకి దోపుకుని, దర్భల సంచి ట్యాంకు మీద పెట్టుకుని బయలుదేరేవారు. రెండు సిలిండర్ల టూస్ట్రోక్ ఇంజను, పెట్రోలుతో పాటు ఆయిలు కూడా తాగుతుంది, వెనక నీలంగా పొగ వదులుతుంది. పంతులుగారి కంటే ముందు పొగ వచ్చేదని పెళ్లివారు చెప్పుకునేవారు. ‘బుల్లెట్ పంతులుగారు’ అంటే మాత్రం మండిపడేవారు. ఇది బుల్లెట్ కాదయ్యా అని పీటల మీద కూర్చున్న పెళ్లికొడుక్కి కూడా తేడా వివరించారు ఒకసారి. నీ కోపం ఆయనదేనే అని అమ్మ నన్ను అంటుండేది.

పదహారేళ్లప్పుడు కొల్లేటి రోడ్డు మీద నాకు నేర్పారు దీన్ని. శ్రీరామచంద్రగారికి గేర్ల బండి రాదు. స్కూటరే. ఇది రాసుకుంటే కొంచెం హాయిగా ఉంది.

కిక్ కొట్టాను. కదల్లేదు. కాలంతా బరువేసి నిలబడ్డాను. కదల్లేదు.

మార్చి 14

ఇప్పుడు ఇంట్లో మాటలన్నీ శ్రీహిత మీదుగా నడుస్తున్నాయి. మీ నాన్నకి చెప్పు, అన్నం పెట్టానని. మీ అమ్మకి చెప్పు, రేపు పొద్దున్నే కలిదిండి వెళ్తున్నానని. అందరం ఒకే గదిలో ఉంటాం. అది ఇటోసారి అటోసారి చూస్తుంది. మొదట నవ్వేది. ఇవాళ నవ్వలేదు. ఇంటర్ పరీక్షల మధ్యలో ఉంది కదా, అందుకే అయ్యుంటుంది.

మార్చి 20

పిస్టన్లు రెండూ సిలిండర్లలో పట్టేసి ఉన్నాయి. ఐదు రోజులు డీజిలు పోసి నానబెట్టి, చెక్క దిమ్మ పెట్టి కొడితే ఇవాళ ఊడాయి. ఎడమవైపు పిస్టన్ కింద అంచు పగిలి ఉంది. ఈ పిస్టన్లు ఇప్పుడు ఎక్కడా తయారు కావు.

వెంకట్రాజుగారని కలిదిండిలో పక్క చెరువాయన. ఆయన తన చెరువుకి బోరు వేయించుకుంటున్నారట. లారీ ఎలాగూ వస్తుంది, మీదీ వేయించేద్దాం, డబ్బు సంగతి తర్వాత చూసుకోవచ్చు అన్నారట ఈయనతో. శ్రీహిత చెప్పింది. ఊళ్లో వాళ్ల దగ్గరల్లా చేయి చాపి బతకడం నాకు ఇష్టం లేదని చెప్పు మీ నాన్నకి అన్నాను. అన్నానా? అన్నాను. దాచుకోవడం దేనికి?

మార్చి 23

విజయవాడ, రాజమండ్రి, గుంటూరు, పాత సామాన్ల దుకాణాలన్నిటికీ ఫోన్లు చేశాను. అసలు కొలత పిస్టన్లు ఎక్కడా లేవు. ‘మేడమ్, మీ ఇంట్లో మగాళ్లెవరైనా ఉంటే ఇవ్వండి’ అన్నాడు ఒకడు. వాడి దుకాణం పేరు ఇక్కడ రాయను. మర్చిపోనులే.

మిగిలింది ఒకటే దారి. సిలిండర్ లోపలి గోడని లేతు మీద కోయించి, కొంచెం వెడల్పు చేసి, లావు పిస్టన్లు వేయడం. బోరు చేయించడం అంటారు. తాడేపల్లిగూడెంలో నాగూర్ మేస్త్రి లేతు ఉంది, నాన్నగారికి తెలిసినాయనే. ఆయన దగ్గర లావు పిస్టన్ల పాత కిట్టు ఒకటి ఉందట. ‘బోరు చేసి కిట్టుతో పంపండి’ అని కాగితం రాసి, రెండు సిలిండర్లూ గోనెసంచిలో పెట్టి గుమ్మం దగ్గర ఉంచాను. రేపు నేనే బస్సులో వెళ్లి ఇచ్చి వస్తాను.

మార్చి 24

నేను లేచేసరికి సంచి లేదు. మేత కోసం గూడెం వెళ్తూ ఆయన తీసుకుపోయారట. సిలిండర్ల అంచులు దెబ్బతింటాయని తన తువ్వాలు చింపి చుట్టారట కూడా. శ్రీహిత ఎంత మురిపెంగా చెప్పిందో.

ఎవరు అడిగారు? ఎవరు అడిగారు ఆయన్ని? ఇది మంచితనం కాదు. నువ్వు ఎంత ఎగిరినా చివరికి నా స్కూటరే దిక్కు అని చూపించడం. రోజంతా కోపంగానే ఉన్నాను. ఆ తువ్వాలు కొత్తది, ఉగాదికని నేనే కొన్నాను.

మార్చి 26

దొరికాయి. విజయవాడ ముసలాయన ఒకరు తనే ఫోన్ చేశారు. అటక సర్దుతుంటే రెండు పిస్టన్లు అసలు కొలతవి, పెట్టె కూడా విప్పనివి, కనిపించాయట. కొరియర్ చేసేశారు.

ఇంక బోరుతో పనేముంది? సిలిండర్లు ఇంట్లో ఉన్నప్పుడు నేను వెర్నియర్ పెట్టి కొలిచాను. కాలేజీ ల్యాబులోంచి మా డిపార్ట్‌మెంటు కొత్త లెక్చరర్ సిల్వియా సంతకం లేకుండా తెచ్చిచ్చింది ఆ వెర్నియర్. అరుగుదల హద్దులోనే ఉంది. లోతు గీతలు లేవు. లోపల కొంచెం రుద్ది నున్నగా చేస్తే చాలు, నాన్నగారి సిలిండర్లు నాన్నగారి సిలిండర్లలాగే ఉంటాయి. ఒకసారి కోస్తే మళ్లీ అతకదు.

మధ్యాహ్నం భోజనాల విరామంలో వాల్యుయేషన్ సెంటర్ బయటికి వచ్చి ఫోన్ తీసి శ్రీహితకి వాయిస్ పెట్టాను. బోరు వద్దు అని స్పష్టంగా చెప్పాను. నాగూర్ మేస్త్రి నంబరు నా దగ్గర లేదు, ఉంటే ఆయనకే చేసేదాన్ని.

పక్కనే నిలబడి విన్న సిల్వియా ‘సార్‌తో మీరే ఓసారి మాట్లాడేస్తే అయిపోతుంది కదండి మేడమ్’ అంది. దీనికెందుకు మా సంగతి?

మార్చి 27

సరేనన్నారట.

మార్చి 30

ఉగాది. ఆయన చెరువు దగ్గర్నుంచి పొద్దున వచ్చారు. బాగా నల్లబడ్డారు. పచ్చడి తిన్నారు, పంచాంగం తిరగేశారు. ఆదాయ వ్యయాలు పైకి చదవలేదు ఈసారి.

వెళ్లబోతూ గుమ్మంలో నిలబడి శ్రీహితతో అన్నారు. ‘మీ అమ్మకి చెప్పు. తను వద్దంది కదా, బోరు ఆపించేశాను. తర్వాత మాత్రం నన్ను అనకూడదు.’

నేను వంటింట్లోంచి విన్నాను. ఇరవై ఏళ్ల కాపురంలో నా మాట విని ఆయన ఒక పని ఆపడం ఇదే మొదలు. తర్వాత నన్ను అనకూడదట. ఇంజను నాది, అన్నా నన్ను నేనే అనుకుంటాను. అయినా సంతోషం వేసింది. ఎదురుగా వెళ్లి మంచినీళ్లు ఇద్దామనుకున్నాను. నేను చేయి తుడుచుకుని వచ్చేసరికి స్కూటరు వీధి చివరికి వెళ్లిపోయింది.

ఏప్రిల్ 5

అబద్ధాలకోరు.

మేత వ్యాను కుర్రాళ్లు సంచి తెచ్చి ఇచ్చారు. తువ్వాలు విప్పాను. సిలిండర్ల లోపల అద్దంలా మెరుస్తోంది. నాగూర్ మేస్త్రి చీటీ: ‘బోరు అర మిల్లీమీటరు. కిట్టు లోపల ఉంది. పంతులుగారి బండి అని దగ్గరుండి చేశాను.’

ఆపించేశాను అన్నారు. పండగ పూట, గుమ్మంలో నిలబడి, కూతురి మొహం చూస్తూ అన్నారు. ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. చేయలేదు. చేయకపోతే చేయలేదని చెప్పచ్చు, మర్చిపోయానని చెప్పచ్చు. అలా చెప్తే ఈయన శ్రీరామచంద్రగారు ఎలా అవుతారు. మాట ఇచ్చినట్టు కనిపించాలి, పని మాత్రం తనకి కావలసినట్టు జరగాలి. బండి చెడాలి. నెలాఖరు రావాలి. హైదరాబాదు వాడు రావాలి. అదే ఆయనకి కావాలి, నాకు తెలియదా.

అర మిల్లీమీటరంటే ఏమిటో ఆయనకి తెలుసా? పిల్లలు స్క్రూగేజీలో అర మిల్లీమీటరు తప్పు చదివితే నేను మార్కులు కొట్టేస్తాను. ముప్పై ఏళ్లు నాన్నగారు కాపాడుకున్న కొలత అది. విజయవాడ పిస్టన్లు బల్ల మీద పెట్టెలో ఉన్నాయి, ఇప్పుడు అవి ఎందుకూ పనికిరావు. ఒకటి తీసి గోడకేసి కొట్టబోయాను. తప్పు పిస్టన్‌ది కాదని ఆగాను.

శ్రీహితని పిలిచి చెప్పమన్నాను. మాట తప్పే మనిషితో నాకు పని లేదని చెప్పు. ఈ ఇంటికి వచ్చినా రాకపోయినా ఒకటేనని చెప్పు. అది ఫోన్ చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడింది. చెప్తావా చెప్పవా అని అరిచాను. చెప్పింది. ఏమన్నారు అంటే, ఏమీ అనలేదమ్మా, పెట్టేశారు అంది.

ఏమంటారు, అనడానికి ఏముంది.

ఏప్రిల్ 6

ఇంకా కోపంగానే ఉంది.

ఏప్రిల్ 7

ఇంకా.

ఏప్రిల్ 12

శ్రీహితకి ఫస్టియర్లో నాలుగు వందల నలభై ఒకటి. ఆయనతో అరగంట మాట్లాడింది ఫోన్లో. నా గురించి అడిగారా అని నేను అడగలేదు. అడగలేదమ్మా అని అదే చెప్పింది.

ఏప్రిల్ 16

కాలువలు కట్టేశారని పేపర్లో వేశారు. కట్టేస్తే కట్టేశారు, వెంకట్రాజుగారి పుణ్యమా అని ఈయన చెరువుకి ఈపాటికి బోరు పడే ఉంటుంది. చేపలకి నీళ్లుంటాయి. వాటి అదృష్టమే అదృష్టం.

ఏప్రిల్ 21

నాగూర్ మేస్త్రి కిట్టే వేస్తున్నాను. ఓడిపోవడం కంటే నయం.

రింగులు పిస్టన్‌కి ఎక్కించేటప్పుడు ఒకటి విరిగిపోతే మళ్లీ దొరకదు. రెండు బొటనవేళ్లతో కొంచెం కొంచెంగా తెరిచాను, నాలుగూ ఎక్కాయి. సిలిండర్ దింపుతుంటే పిస్టన్ లోపలికి అలవోకగా జారింది. ఎక్కడా పట్టలేదు. మంచి పనివాడు మేస్త్రి. ఆ మాట ఒప్పుకోవడానికి కూడా నాకు కోపం వచ్చింది.

మధ్యాహ్నం నీడ పట్టున కూడా వసారాలో ఇనుము ముట్టుకుంటే కాలుతోంది. కరెంటు లేదు. శ్రీహిత మజ్జిగ తెచ్చి పెట్టి, నాన్న గొంతు బాగాలేదమ్మా అంది. ఎండలో తిరిగితే అంతే అన్నాను.

ఏప్రిల్ 27

మోగింది.

నలభై మూడో కిక్‌కి. ముందు ఒక సిలిండరే దగ్గింది. స్పార్కు ఇచ్చే పాయింట్లు మళ్లీ గీకి, సందు సరిచేసి, ప్లగ్గు మార్చి, కాలి ఎముక మీద కిక్ రాడ్డు తన్ని తోలు లేచినా ఆగకుండా కొట్టాను. రెండోదీ అందుకుంది. ఆ చప్పుడు విని పదిహేనేళ్లయింది. వసారా నిండా, వీధి నిండా నీలం పొగ. ఎదురింటి వాళ్లు ఆరేసిన బట్టలు తీసుకుంటూ తిట్టుకున్నారు. తిట్టుకోనీ. చేతులకి గ్రీజు, మొహానికి మసి, అలాగే నిలబడి ఏడ్చాను. ఇది నా బండి. మూడు రోజుల ముందే గెలిచాను.

మీ నాన్నకి చెప్పు అన్నాను.

‘నేను చెప్పను’ అంది శ్రీహిత. నాన్న రెండు రోజుల నుంచి ఫోన్ ఎత్తడం లేదట. ఎత్తినా చెప్పదట. ఇక మీదట ఎవరి మాటలూ ఎవరికీ మోయదట. పొగరు ఎక్కువైంది దీనికి.

ఏప్రిల్ 28

పొద్దున ఆరు గంటలకి వెంకట్రాజుగారు ఫోన్ చేశారు. నాతో ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. ముందు క్షమించమన్నారు. రామచంద్రగారికి తెలియకుండా చేస్తున్నానండి అన్నారు. వారం నుంచి చెరువులో నీళ్లు మోకాలి లోతుకి వచ్చేశాయట. చేపలు పైకి తేలి నోళ్లు తెరిచాయట. వెంకట్రాజుగారి బోరు నుంచి పైపులు వేసి నీళ్లు పెట్టారట గానీ నాలుగెకరాలకి అది ఎక్కడికి. మొన్న తెల్లవారేసరికి సగం, నిన్న మిగిలిన దాంట్లో చాలావరకు పోయాయట. ఈయన మూడు రోజులుగా గట్టు దిగలేదట, సరిగ్గా తిండి లేదట.

మా చెరువుకీ బోరు వేశారు కదండి అన్నాను. మీకు బోరు లేదండి, ఎక్కడుందండి అన్నారు. తర్వాత ఆయనే అడిగారు.

‘లారీ మా గట్టు మీదే నాలుగు రోజులు ఉందండి. నేను మూడుసార్లు అడిగానండి. ఉమ వద్దందండి, ఈ ఒక్కసారికి తన మాట వింటానండి అన్నారు. అడగకూడదు గానీ, ఎందుకు వద్దన్నారండి?’

ఆయనకి ఏం చెప్పానో గుర్తులేదు.

శ్రీహితని లేపాను. భుజాలు పట్టుకుని లేపాను. సిలిండరు బోరు అని చెప్పలేదా నువ్వు, సిలిండరు అన్న మాట ఏం చేశావు, మింగేశావా అని అరిచాను. అది భయపడలేదు. పక్క మీదే కూర్చుని ఫోన్ వెతికి, నెల వెనక్కి జరిపి, నా ముందు పెట్టింది. ‘నేను ఒక్క అక్షరం కూడా మార్చలేదమ్మా. నువ్వు పంపింది పంపినట్టే నాన్నకి పంపాను. నీ గొంతే.’

నొక్కింది.

‘మీ నాన్నకి చెప్పు, బోరు వద్దని. నేను వద్దన్నానని గట్టిగా చెప్పు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా నా మాట వినమను.’

సిలిండరు లేదు. మేస్త్రి లేదు. పిస్టన్ల ఊసే లేదు.

ఏప్రిల్ 29

తొమ్మిది సెకన్లు. ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఫిజిక్స్ మేడమ్‌ని, దేని గురించి చెప్తున్నామో చెప్పకుండా ఏ లెక్కా మొదలుపెట్టకూడదని ఇరవై రెండేళ్లుగా పిల్లల్ని తిడుతున్నాను. వినేవాడికి ఆ సమయంలో బోరంటే ఒక్కటే. లారీ గట్టు మీద ఉంది. చేయి చాపడం నాకు ఇష్టం లేదని అంతకు వారం ముందే చెప్పించాను. ఇంకేమనుకుంటారు ఎవరైనా?

మార్చి 26న స్పష్టంగా చెప్పాను అని రాశాను. ఆ రోజు నాకు స్పష్టంగా ఉన్నది కోపం ఒక్కటే. ‘గట్టిగా చెప్పు’ అన్నది ఎంత స్పష్టంగా ఉందో. నాగూర్ మేస్త్రి నంబరు లేదని కూడా రాశాను. ఉంది. నాన్నగారి పాత ఫోన్ పుస్తకంలో ఉంది, 23న నేను ఆ పుస్తకం చూసే కిట్టు సంగతి మాట్లాడాను. మేస్త్రికి నేను ఫోన్ చేయలేదు, ఎందుకంటే శ్రీరామచంద్రగారి చేత చేయించాలి. ఆయన నా మాట వినాలి. అదీ సంగతి. సిలిండర్లు తర్వాతి మాట.

విన్నారు కదా.

నేను ఆపమన్నది ఆయన ఆపారు. అబద్ధాలకోరు అని రాసిన పేజీ చింపేద్దామనుకున్నాను. చింపను. ఉండనీ.

శ్రీహిత నాతో మాట్లాడలేదు. ఆయనకి ఫోన్ చేశాను, నా ఫోన్ నుంచి, యాభై రోజుల్లో మొదటిసారి. ఎత్తలేదు. మెసేజీ పెడదామని మూడుసార్లు రాసి కొట్టేశాను. ఇది రాసి పంపే మాట కాదు. ఫోన్లో చెప్పే మాట కూడా కాదు.

ఏప్రిల్ 30

పొద్దున్న ఏడున్నరకి బండి బయటికి తీశాను. బస్సులో వెళ్లచ్చు. స్కూటర్ల వాళ్లు ఎవరైనా దింపుతారు. బండి మీదే వెళ్లాలనిపించింది, ఎందుకో రాసుకోను. శ్రీహిత గేటు తీసింది. ఎక్కడికి అని అడగలేదు, హెల్మెట్ తెచ్చి ఇచ్చింది.

కొత్తగా బోరు చేసిన ఇంజన్‌ని తొందరపెట్టకూడదు. మొదటి ఐదు వందల కిలోమీటర్లు నలభై దాటకుండా నడపాలి, లేకపోతే పిస్టన్లు మళ్లీ పట్టేస్తాయి. కొల్లేటి మీద రోడ్డు ఎంత ఖాళీగా ఉందో, అంత నెమ్మదిగా వెళ్లాను. లేతు మీద పోయిన ఆ అర మిల్లీమీటరు గురించి దారి పొడుగునా కోపం తెచ్చుకోవాలని చూశాను, అలవాటుగా. రాలేదు. బస్సులు హారన్ కొట్టి దాటిపోయాయి. మేత లారీలు దాటిపోయాయి. కైకలూరులో ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఆగి ఇంజను చల్లారనిచ్చాను. ఎవరో ముసలాయన దగ్గరికి వచ్చి, ఇది పంతులుగారి బండి కదమ్మా, మా పెళ్లికి దీని మీదే వచ్చారు అన్నాడు. అవునండి అని మళ్లీ కిక్ కొట్టాను. ఇంకో రోజైతే ఆయన్ని కూర్చోబెట్టి కథంతా వినేదాన్ని.

గట్టు దారి ఎక్కేసరికే వాసన. సున్నం చల్లారు. చెరువు నడుమ ఒక గోచి గుడ్డంత నీళ్లు, చుట్టూ బురద. కూలీలు గుంటలోకి తట్టలు గుమ్మరిస్తున్నారు. అరచేతి వెడల్పు చేపలు. ఇంకో రెండు నెలలుంటే పట్టుబడికి వచ్చేవి.

ఆయన గుంట పక్కన నిలబడి ఉన్నారు. బండి చప్పుడు విని తలెత్తారు. నన్ను చూశారు, బండిని చూశారు, పొగని చూశారు. నవ్వారు. వారం గడ్డం, లోపలికి పోయిన కళ్లు, చొక్కాకి బురద. అలా ఉండి, నిజంగా సంతోషపడి నవ్వారు. నేను గెలిచినందుకు. నాకు ఆ నవ్వు చూసి వెనక్కి తిప్పేసుకుని వెళ్లిపోదామనిపించింది.

దగ్గరికి వచ్చి ఏదో అన్నారు. స్టార్ట్ చేశావన్నమాట అనే అయ్యుంటుంది. నేను బండి దిగకుండా, ఇంజను ఆపకుండా చెప్పడం మొదలుపెట్టాను. వినపడటం లేదని చెవి దగ్గర చేయి పెట్టి చూపించారు. మళ్లీ చెప్పాను. మళ్లీ చేయి పెట్టారు. యాభై రోజులు దీన్ని మోగించడానికి చచ్చాను. తాళం తిప్పి ఆపాను.

చెప్పాను. మొత్తం వాక్యం చెప్పాను. నేను వద్దన్నది సిలిండర్ల బోరు, విజయవాడలో పిస్టన్లు దొరికాయి కాబట్టి నాగూర్ మేస్త్రికి చెప్పి ఆపించమన్నాను, చెరువు బోరు నేను వద్దనలేదు. శ్రీహిత తప్పు లేదు. దేని బోరో నేనే చెప్పలేదు.

ఆయన మొహం మీద నవ్వు ఇంకా ఉంది. దాన్ని తీసేయాలని ఆయనకి తోచినట్టు లేదు.

‘ఏ బోరో నాతో చెప్పడానికి నీకు నోరు రాలేదా ఉమా?’

మెల్లగానే అన్నారు. తర్వాత అరిచారు. ఈ మనిషి గొంతు అంత పైకి లేస్తుందని నాకు తెలియదు. లారీ నాలుగు రోజులు ఇక్కడే ఉందని అరిచారు. రోజూ పొద్దున్న లేచి దాన్ని చూసి, ఉమ వద్దంది అనుకుని మొహం తిప్పుకున్నానని అరిచారు. నువ్వు నవ్వినా చుట్టాలు నవ్వినా పడ్డాను, ఒక్కరోజు నా చెరువు ఎలా ఉందో చూడటానికి ఈ గట్టు ఎక్కావా అన్నారు. చేపలు చస్తుంటే రావు, బండి నడిస్తే చూపించడానికి వస్తావు అన్నారు. పిల్ల నోటితో నన్ను ఇంటికి రావద్దని చెప్పించావు, అది ఫోన్లో ఏడుస్తూ చెప్పింది నీకు తెలుసా అన్నారు. తెలియదు. కూలీలు తట్టలు దింపి చూస్తున్నారు. వెంకట్రాజుగారు అటు గట్టు మీద నుంచి రెండడుగులు వేసి ఆగిపోయారు.

చూపించడానికి రాలేదు అని చెప్పచ్చు. నా నోట్లో చాలా మాటలు తయారుగా ఉన్నాయి, నాకు ఎప్పుడూ ఉంటాయి. ఒక్కటీ అనలేదు. హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టి, ఎండలో ఆయనకి ఎదురుగా నిలబడ్డాను. ఒకచోట ఆగారు. అయిపోయిందనుకున్నాను.

ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టారు. విన్నాను.